సర్వర్ పోస్ట్ దగ్గర ఆగుతోంది, లాగ్ నిండా ఎర్రర్లు: ఏది పార్టు మార్చాల్సిన ఎర్రర్, ఏది కాదు?

ముందు ప్రశ్న క్లుప్తంగా. మిర్యాలగూడ దగ్గర బియ్యం మిల్లు ఆఫీసు. రెండు ప్రాసెసర్ల ర్యాక్ సర్వర్, దాని మీద బిల్లింగ్, వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ నడుస్తాయి. కొద్ది రోజులుగా మధ్యాహ్నం పూట దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. ఆన్ చేస్తే పోస్ట్ (ఆన్ కాగానే సర్వర్ తనను తాను పరీక్షించుకునే దశ) దగ్గర చాలాసేపు ఆగుతోంది, ముందు ఆరెంజ్ లైటు. లాగ్‌లో ఏ1 స్లాట్ మెమరీ, పవర్ సప్లై, పీసీఐఈ (నెట్‌వర్క్ కార్డు లాంటివి గుచ్చే స్లాట్లు) ఎర్రర్లు మూడూ కనిపిస్తున్నాయి. ఏ1లో ర్యామ్ మార్చినా లైటు పోలేదు. పక్కనున్న స్విచ్‌కీ ఆరెంజ్ లైటే. "అన్నా, ఇందులో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి?" అన్నది మీ ప్రశ్న.

లాగ్‌లో ఏ లైను తీసుకున్నా నాలుగు సంగతులు చూడాలి: తీవ్రత ఎంత, చెప్పింది ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు. చాలామంది మొదటిది చూసి, రెండోదాన్ని తప్పుగా అర్థం చేసుకుని పార్టు కొనేస్తారు. ఎర్రర్‌ని నమోదు చేసిన భాగమే చెడిపోయిందని అనుకోకూడదు. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి ర్యామ్ పాడైనా ఎర్రర్ చెప్పేది ప్రాసెసరే. నెట్‌వర్క్ కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చోకపోతే ఫిర్యాదు చేసేది దాని పైనున్న రూట్ పోర్టు (ఆ స్లాట్‌ని ప్రాసెసర్‌కి కలిపే పోర్టు). కరెంటు ఒక్క క్షణం పడిపోతే నింద పవర్ సప్లై మీద పడుతుంది. మీ లాగ్‌లో మూడు రకాల ఎర్రర్లు ఉన్నాయంటే మూడు పార్టులు పోయాయని కాదు. మూడింటికీ కారణం ఒకటే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

అందుకే ముందు చెప్పేది: లాగ్ క్లియర్ చేయకండి. పార్టు విప్పే ముందే లాగ్‌ని ఫైల్‌గా దాచండి. సర్వర్‌లో దాని ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండే బీఎంసీ అనే చిన్న కంప్యూటర్ వేరుగా ఉంటుంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్ అంటారు. దాని వెబ్ పేజీలో సిస్టమ్ ఈవెంట్ లాగ్ దొరుకుతుంది. సర్వర్‌లో లినక్స్ ఉంటే "ఐపీఎంఐటూల్ సెల్ ఈలిస్ట్" అన్న కమాండ్ మొత్తం చూపిస్తుంది. "ఐపీఎంఐటూల్ సెల్ ఇన్ఫో" కొడితే లాగ్ ఎంత శాతం నిండిందో, పొంగిపోయిందో లేదో తెలుస్తుంది. కొన్ని మెషీన్లు లాగ్ నిండాక కొత్తవి రాయడం ఆపేస్తాయి. అప్పుడు మీరు చూస్తున్నది ఎప్పటిదో పాత కథ, ఈ వారం జరిగింది అందులో ఉండదు.

బీఎంసీ తన మాట తానే సరిగ్గా చెబుతోందా అన్నది కూడా ఒకసారి చూడండి. "ఐపీఎంఐటూల్ ఎంసీ సెల్ఫ్‌టెస్ట్" కొడితే అది తనను తాను పరీక్షించుకున్న ఫలితం చెబుతుంది. బీఎంసీతో మాట్లాడే పద్ధతికి ఉన్న ఐపీఎంఐ ప్రమాణంలో ఆ ఫలితానికి కోడ్‌లు ఉన్నాయి: 55 అంటే తప్పు లేదు, 56 అంటే ఆ పరీక్ష ఈ మెషీన్‌లో లేదు, 57 అంటే లోపలి డేటా పాడైంది లేదా అందడం లేదు, 58 అంటే హార్డ్‌వేరే పోయింది. ఇవి హెక్సాడెసిమల్ అంకెలు. 57 వస్తే బీఎంసీని రీసెట్ చేయండి ("ఐపీఎంఐటూల్ ఎంసీ రీసెట్ కోల్డ్"). మామూలుగా నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి దీనివల్ల ఇబ్బంది రాదు, ఫ్యాన్లు మాత్రం కొద్దిసేపు గట్టిగా తిరుగుతాయి. అప్పటికీ తీరకపోతే సర్వర్ షట్‌డౌన్ చేసి, పవర్ కార్డులు రెండూ పీకి, పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టండి.

తర్వాత టైమ్. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. చాలా సర్వర్లలో బీఎంసీ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. లాగ్‌లో 08:41 అని ఉంటే మిల్లులో అప్పుడు మధ్యాహ్నం 2:11. ఇది చూసుకోకపోతే పొద్దున ఎనిమిదిన్నరకి ఏం జరిగిందా అని వెతుకుతూ కూర్చుంటారు. తేదీ 1970 అనో, "ప్రీ ఇనిట్" అనో పడితే ఆ ఎంట్రీ పడేనాటికి బీఎంసీకి టైమ్ సెట్ కాలేదన్నమాట. తరచూ అలాగే వస్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ చూడండి. అది 3 వోల్టులది. మల్టీమీటర్‌లో 2.7 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి.

ఇప్పుడు ఇలాంటి నాలుగు లైన్లు ఉన్నాయనుకోండి:

08:41:07 — పవర్ సప్లై 1 — ఏసీ లాస్ట్ — అసర్టెడ్
08:41:07 — పవర్ సప్లై 2 — ఏసీ లాస్ట్ — అసర్టెడ్
08:41:08 — పవర్ సప్లై 1 — ఏసీ లాస్ట్ — డీఅసర్టెడ్
08:41:08 — పవర్ సప్లై 2 — ఏసీ లాస్ట్ — డీఅసర్టెడ్

అసర్టెడ్ అంటే ఆ పరిస్థితి మొదలైంది, డీఅసర్టెడ్ అంటే పోయింది. రెండు పవర్ సప్లైలూ ఒకే సెకనులో కరెంటు పోయిందన్నాయి, మరుసటి సెకనులో వచ్చిందన్నాయి. రెండు పార్టులు ఒకే సెకనులో చెడిపోయి, మళ్లీ ఒకేసారి బాగవ్వడం జరిగే పని కాదు. తేడా బయట ఉంది: లైను, యూపీఎస్, లేదా రెండింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఒక్క పవర్ సప్లై పేరే పదే పదే వస్తే ముందు దాని పవర్ కార్డు, సాకెట్ మార్చి చూడండి. అప్పటికీ వస్తుంటే రెండు పవర్ సప్లైలను ఒకదాని చోట ఇంకోటి పెట్టండి. ఎర్రర్ పవర్ సప్లైతో పాటు రెండో బేకి (పవర్ సప్లై దూర్చే గూటికి) వెళితే పవర్ సప్లై పోయింది. మొదటి బేలోనే ఉండిపోతే లోపలి కనెక్టర్ బోర్డు చూడాలి.

పవర్ సప్లై సెన్సర్ చెప్పే మాటలన్నీ ఒకటి కావు. "ఏసీ లాస్ట్" అంటే లోపలికి కరెంటు రావడం లేదు. "ఫెయిల్యూర్ డిటెక్టెడ్" అంటే కరెంటు వస్తున్నా అది పని చేయడం లేదు. "ప్రెడిక్టివ్ ఫెయిల్యూర్" అంటే ఇంకా పని చేస్తోంది గానీ ఎక్కువ రోజులు ఉండదు. "కాన్ఫిగరేషన్ ఎర్రర్" అంటే రెండూ ఒకే మోడల్, ఒకే వాటేజ్ కాదు. వీటిలో పార్టు కొనాల్సింది రెండో, మూడో రకానికే.

ఇంకో చిక్కు ఉంది. కరెంటు పూర్తిగా పోతే బీఎంసీ కూడా ఆరిపోతుంది, కాబట్టి లాగ్‌లో ఏమీ పడకపోవచ్చు. "ఐపీఎంఐటూల్ ఛాసిస్ స్టేటస్" కొట్టి, "లాస్ట్ పవర్ ఈవెంట్" దగ్గర "ఏసీ ఫెయిల్డ్" అని ఉందేమో చూడండి. విండోస్ అయితే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 పడుతుంది. అందులో బగ్‌చెక్ కోడ్ (నీలి తెర కోడ్) 0 ఉండి, పక్కన వీయా లాగర్ (హార్డ్‌వేర్ ఎర్రర్లు రాసే విండోస్ భాగం) ఎంట్రీలేవీ లేకపోతే ముందు కరెంటునే అనుమానించండి. 41తో పాటు వీయా లాగర్ 18 కూడా ఉంటే అది ప్రాసెసర్ స్వయంగా చెప్పిన ప్రాణాంతక ఎర్రర్. అప్పుడు దారి వేరు.

మిల్లుల్లో పెద్ద మోటార్లు స్టార్ట్ అయినప్పుడు వోల్టేజ్ క్షణకాలం కుంగుతుంది. మన సప్లై 50 హెర్ట్జ్, అంటే ఒక సైకిల్ 20 మిల్లీ సెకన్లు. సర్వర్ పవర్ సప్లై పూర్తి లోడు మీద కరెంటు లేకుండా మామూలుగా పది పన్నెండు మిల్లీ సెకన్లే నిలబడగలదు. ఇంట్లో వాడే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారడానికి పట్టే సమయం అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. ట్యూబ్‌లైటు ఆరకపోయినా సర్వర్ రీస్టార్ట్ అవ్వడానికి కారణం ఇదే. మామూలు మల్టీమీటర్ ఈ కుంగుబాటును పట్టుకోలేదు. యూపీఎస్ లాగ్ పట్టుకుంటుంది. కాబట్టి సర్వర్‌కి, స్విచ్‌కి ఆన్‌లైన్ యూపీఎస్ (మారే సమయం లేకుండా ఎప్పుడూ తన మీదుగానే కరెంటు ఇచ్చే రకం) పెట్టండి, దాని లాగ్‌ని బీఎంసీ లాగ్ పక్కన పెట్టి చూడండి. మల్టీమీటర్‌తో చూడగలిగింది ఒకటుంది: సాకెట్‌లో న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య వోల్టేజ్. మోటార్లు నడుస్తుండగా కొలవండి. 2 వోల్టులు దాటితే ఎర్త్ పిట్, న్యూట్రల్ జాయింట్లు ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. ఎర్త్ సరిగ్గా లేకపోతే నెట్‌వర్క్ పోర్టుల్లో, సీరియల్ పోర్టుల్లో అర్థం పర్థం లేని తప్పులు వస్తాయి, వేబ్రిడ్జి కేబుల్ మీద మరీను.

ఇక పోస్ట్ సంగతి. పవర్ కార్డు పెట్టగానే ముందు లేచేది బీఎంసీ. దానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతే పవర్ బటన్ నొక్కాలి. బటన్ నొక్కాక ప్రాసెసర్లు తమను తాము పరీక్షించుకుంటాయి, తర్వాత మెమరీ ట్రైనింగ్ జరుగుతుంది, ఆ తర్వాత పీసీఐఈ కార్డులు, రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపే కార్డు), చివరికి బూట్ డిస్క్. మెమరీ ట్రైనింగ్ అంటే ఒక్కో ర్యామ్‌కి వెళ్లే సిగ్నళ్ల టైమింగ్‌ని సరి చూసుకోవడం. ర్యామ్ మార్చినా, స్లాట్ మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా ఇది మొదటి నుంచి జరుగుతుంది. మెమరీ ఎక్కువున్న సర్వర్‌లో ఐదు నుంచి పది నిమిషాలు తెర నల్లగా ఉండొచ్చు. హ్యాంగ్ అయిందనుకుని మధ్యలో కరెంటు తీసేస్తే వచ్చేసారి మళ్లీ మొదటికే వస్తుంది. మీరు ర్యామ్ మార్చాక పోస్ట్ మరింత నిదానమైందంటే, కనీసం మొదటిసారికి అది తప్పు కాదు. పదిహేను నిమిషాలు ఆగి చూడండి.

నిజంగానే ఆగిపోతే ఎక్కడ ఆగిందో పోస్ట్ కోడ్ చెబుతుంది. బోర్డు మీద రెండంకెల డిస్‌ప్లే ఉండొచ్చు, లేదా బీఎంసీ పేజీలో కనబడుతుంది. ఏఎంఐ బయోస్ ఉన్న బోర్డుల్లో 50 అంటే ర్యామ్ రకం గానీ స్పీడ్ గానీ కుదరలేదు, 55 అంటే ర్యామే కనబడలేదు, 92 అంటే పీసీఐ బస్ మొదలైంది, బీ2 అంటే ఏదో కార్డు తాలూకు ఆప్షన్ రోమ్ (కార్డులోనే ఉండే స్టార్టప్ ప్రోగ్రామ్) నడుస్తోంది. బీ2 దగ్గర ఆగితే ర్యామ్ జోలికి పోకండి, కార్డులు ఒక్కొక్కటే తీసి చూడండి. డెల్, హెచ్‌పీఈ సర్వర్లలో కోడ్‌కి బదులు మాటల్లోనే వస్తుంది. ఎంతకీ అంతుచిక్కకపోతే కనీస సామానుతో లేపండి: మొదటి ప్రాసెసర్, ఏ1లో ఒక్క ర్యామ్, ఒక పవర్ సప్లై, కార్డులు, డిస్కులు ఏమీ లేకుండా. లేస్తే ఒక్కోటి చేర్చుతూ పోండి. రెండో ప్రాసెసర్ తీసేస్తే దాని వైపు ర్యామ్ స్లాట్లు, కొన్ని పీసీఐఈ స్లాట్లు కూడా పని చేయవు, అది ఎర్రర్ అనుకోకండి. పోస్ట్ పాసైందంటే ర్యామ్ బాగుందని కూడా అనుకోకండి. ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉంటే మెమరీ పరీక్ష దాదాపు ఏమీ జరగదు.

ఇప్పుడు అసలు వర్గీకరణ. ఇంటెల్ సర్వర్లలో మెషీన్ చెక్ ఎర్రర్లు (ప్రాసెసర్ స్వయంగా పట్టుకునే హార్డ్‌వేర్ తప్పులు) ఐదు తరగతులు. మొదటిది కరెక్టెడ్: తప్పు వచ్చింది, హార్డ్‌వేరే సరిచేసుకుంది, డేటాకి ఏమీ కాలేదు. రెండోది సరిచేయలేకపోయినా ఇప్పటికి ఏమీ చేయనక్కర్లేనిది. మూడోది సాఫ్ట్‌వేర్ వీలుంటే చర్య తీసుకోవచ్చు. నాలుగోది తప్పనిసరిగా తీసుకోవాలి, అంటే పాడైన మెమరీ పేజీని (మెమరీలో ఒక ముక్కని) వాడుతున్న ప్రోగ్రామ్‌ని ఆపేయాలి. ఐదోది ప్రాణాంతకం, ప్రాసెసర్ తన స్థితినే నమ్మలేని దశ. అప్పుడు రీస్టార్ట్ తప్ప దారి లేదు. విండోస్‌లో నీలి తెర మీద 0ఎక్స్124 అని వచ్చేది ఎక్కువగా ఇదే.

లినక్స్ లాగ్‌లో స్టేటస్ అని పదహారు హెక్స్ అంకెలు కనిపిస్తాయి. అవి చూసి బెదిరిపోనక్కర్లేదు, మొదటి మూడు అంకెలు చాలు. మొదటి అంకె 8, 9, సీ, డీ అయితే కరెక్టెడ్. ఏ, బీ, ఈ, ఎఫ్ అయితే సరిచేయలేనిది. రెండో అంకె 2, 3, 6, 7, ఏ, బీ, ఈ, ఎఫ్‌లలో ఒకటైతే ప్రాసెసర్ స్థితి చెడింది, అంటే ప్రాణాంతకం. ఉదాహరణకు "8సీ00004000010090" తీసుకోండి. 8 కాబట్టి కరెక్టెడ్. చివరి 0090 అంటే మెమరీ కంట్రోలర్, రీడ్ చేస్తుండగా, ఛానెల్ (ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కి వెళ్లే దారి) 0. మధ్యలోని ఆ 4 దగ్గర లెక్క ఉంటుంది, ఇక్కడ ఒక్కసారి జరిగిందని. అదే "బీఈ"తో మొదలైతే సరిచేయలేనిది, పైగా ప్రాణాంతకం. "బీడీ8" అయితే తప్పనిసరిగా చర్య తీసుకోవాల్సిన నాలుగో తరగతి, "బీడీ0" అయితే మూడోది. ఏఎండీ ఎపిక్‌లో మొదటి రెండు అంకెల లెక్క ఇలాగే పని చేస్తుంది, మూడో అంకె లెక్క పని చేయదు. ఇవన్నీ విప్పి చెప్పే పని లినక్స్‌లో రాస్‌డీమన్ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. అది నడుస్తుంటే "రాస్-ఎంసీ-సీటీఎల్" కమాండ్‌కి ఎర్రర్స్, సమ్మరీ ఆప్షన్లు ఇచ్చి చూడండి.

మెమరీ కరెక్టెడ్ ఎర్రర్ ఒకటి కనబడగానే ర్యామ్ మార్చడం డబ్బు దండగ. ఈసీసీ (తప్పులు సరిచేసుకునే) ర్యామ్ మామూలుగా ప్రతి 64 డేటా బిట్లకి 8 తనిఖీ బిట్లు మోస్తుంది. ఒక బిట్ తప్పితే సరిచేస్తుంది, రెండు తప్పితే కనిపెడుతుంది. అడపాదడపా, వేర్వేరు అడ్రస్‌లలో ఒకటీ అరా వస్తే అది చేయాల్సిన పని అది చేస్తున్నట్టు. అదే ర్యామ్‌లో, అదే అడ్రస్ చుట్టూ రోజూ వస్తుంటే అక్కడ సెల్ నిజంగా పాడైంది. ఇప్పుడు ఒక బిట్, రేపు పక్కనే ఇంకోటి పోతే సరిచేయలేనిదవుతుంది. దాన్ని మార్చే రోజు మీరే నిర్ణయించుకోండి, మిల్లు సీజన్ మధ్యలో అది నిర్ణయించకముందే. సరిచేయలేని ఎర్రర్ ఒక్కసారి వచ్చినా వదలకూడదు.

డెల్‌లో ఎంఈఎం0701 అంటే కరెక్టెడ్ ఎర్రర్లు పరిమితి దాటాయని. ఎంఈఎం0001 అంటే ఒకటి కంటే ఎక్కువ బిట్లు పోయాయని. ఎంఈఎం8000 అంటే ఇక ఆ ర్యామ్ కరెక్టెడ్ ఎర్రర్లు రాయడం ఆపేశానని. దీన్ని జాగ్రత్తగా చదవండి. దాని తర్వాత లాగ్ ప్రశాంతంగా కనిపిస్తే ర్యామ్ బాగైనట్టు కాదు, లెక్కపెట్టడం మానేసింది అంతే.

కొనేముందు రెండు పనులు. మొదటిది బయోస్ అప్‌డేట్ చేసి, పూర్తిగా ఆపి మళ్లీ లేపడం. డీడీఆర్4 నుంచి ర్యామ్ చిప్‌లో పాడైన వరుసకి బదులు లోపలే స్పేర్ వరుస పెట్టుకునే వీలుంది, పోస్ట్ ప్యాకేజ్ రిపేర్ అంటారు. కొత్త సర్వర్లు ఎర్రర్లు ఎక్కువైన ర్యామ్‌కి తర్వాతి బూట్‌లో దీన్ని చేస్తాయి. రెండోది చోటు మార్చి చూడడం. ఏ1 ర్యామ్‌ని వేరే ఛానెల్‌లోని స్లాట్‌లో పెట్టి, అక్కడిదాన్ని ఏ1లో పెట్టండి. ఎర్రర్ ర్యామ్ వెంట వెళితే ర్యామ్ చెడింది. ఏ1లోనే ఉండిపోతే స్లాట్, ప్రాసెసర్ సాకెట్, లేదా ప్రాసెసర్. మీరు ర్యామ్ మార్చినా ఏ1 అనే వస్తోందంటే రెండో సగం ఇప్పటికే తేలింది. ప్రాసెసర్ తీసి సాకెట్ పిన్నులు టార్చ్ వెలుతురులో పక్కనుంచి చూడండి, ఒక్క పిన్ను వంగినా ఒక ఛానెల్ మొత్తం పోతుంది. హీట్‌సింక్ స్క్రూలు ఒకవైపు బిగుతుగా, ఒకవైపు వదులుగా ఉన్నా ఇదే జరుగుతుంది. మూత మీద రాసిన వరుసలోనే బిగించాలి.

అయితే దానికంటే ముందు, కొత్త ర్యామ్ పెట్టాక కొత్త ఎర్రర్ నిజంగా వచ్చిందా అని టైమ్ చూడండి. కొన్ని సర్వర్లలో పాత ఎంట్రీ లాగ్‌లో ఉన్నంతవరకు ఆరెంజ్ లైటు అలాగే ఉంటుంది. హెచ్‌పీఈలో అయితే ఆ ఎంట్రీని రిపేర్డ్ అని గుర్తు పెట్టాలి. లాగ్ దాచుకున్నారు కాబట్టి ఇప్పుడు క్లియర్ చేయొచ్చు. చేశాక లైటు మళ్లీ రాకపోతే మీ ర్యామ్ పని ఎప్పుడో అయిపోయింది.

ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర బాగా ఉంది. వద్దు. బంగారు పూత పోతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాని బట్ట చాలు. మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపి తప్పు రాలేదని ర్యామ్‌ని నమ్మకండి. ఈసీసీ సరిచేసిన తప్పులు ఆ ప్రోగ్రామ్‌కి కనబడకపోవచ్చు. మెమ్‌టెస్ట్‌ని ఒత్తిడి పెట్టడానికి వాడుకుని, ఫలితం బీఎంసీ లాగ్‌లో చూడండి. సికింద్రాబాద్ సీటీసీలో వాడిన ర్యామ్ కొనాల్సి వస్తే పాత ర్యామ్ స్టిక్కర్ ఫోటో తీసుకెళ్లండి. "2ఆర్ఎక్స్8 పీసీ4-2933వై-ఆర్" లాంటి వరుసలో చివరి ఆర్ అంటే రిజిస్టర్డ్, ఈ అయితే అన్‌బఫర్డ్ ఈసీసీ. రెండూ కలిపితే సర్వర్ లేవదు.

పీసీఐఈలో మూడు తరగతులే: కరెక్టబుల్, నాన్ ఫేటల్, ఫేటల్. "బ్యాడ్ టీఎల్‌పీ", "రీప్లే టైమర్ టైమౌట్", "రిసీవర్ ఎర్రర్" కరెక్టబుల్. ప్యాకెట్ చెడింది, మళ్లీ పంపుకున్నాయి. కార్డు, రైజర్ (కార్డుకి, మదర్‌బోర్డుకి మధ్య ఉండే చిన్న బోర్డు) తీసి శుభ్రం చేసి గట్టిగా కూర్చోబెడితే ఎక్కువసార్లు పోతాయి. "కంప్లీషన్ టైమౌట్" నాన్ ఫేటల్, అడిగినదానికి కార్డు జవాబివ్వలేదు. "సర్‌ప్రైజ్ డౌన్", "మాల్‌ఫార్మ్‌డ్ టీఎల్‌పీ" ఫేటల్. పేరు రూట్ పోర్టుది వస్తుంది కాబట్టి "ఎల్ఎస్‌పీసీఐ" కమాండ్‌ని చెట్టు రూపంలో కొట్టి ఆ పోర్టు కింద ఏ కార్డు ఉందో చూడండి. వివరంగా కొడితే లింక్ స్టేటస్ దగ్గర "డౌన్‌గ్రేడెడ్" అని ఉంటుందేమో చూడండి. ఎనిమిది లేన్ల కార్డు నాలుగు లేన్ల మీదే నడుస్తుంటే కొన్ని కాళ్లు తగలడం లేదన్నమాట. కెర్నల్‌కి ఆప్షన్ ఇచ్చి ఈ సందేశాలు రాకుండా చేయమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

డిస్కుల గురించి రెండు మాటలు. స్మార్ట్ పట్టికలో (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కల్లో) 197, 198 పెరుగుతుంటే డిస్క్ పోతోంది. 199 పెరుగుతుంటే కేబుల్ లేదా బ్యాక్‌ప్లేన్ (డిస్కులు గుచ్చే బోర్డు), డిస్క్ కాదు. రెయిడ్ కార్డు "ఫారిన్ కాన్ఫిగరేషన్" (డిస్కుల మీదున్న అమరిక తనది కాదని) అంటే క్లియర్ నొక్కకండి, ఇంపోర్ట్ చేయాలి. ముందు బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి.

మధ్యాహ్నమే ఎందుకన్న దానికి రెండో అనుమానితుడు ఎండ. నల్గొండలో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. చాలా సర్వర్లు లోపలికి వచ్చే గాలి 35 డిగ్రీల వరకే తట్టుకునేలా చేస్తారు, 18 నుంచి 27 మధ్య ఉంటే మంచిది. ర్యామ్ 85 డిగ్రీలు దాటితే సెల్‌లు ఛార్జ్ తొందరగా కోల్పోతాయి, అందుకే దాన్ని రెట్టింపు వేగంతో రిఫ్రెష్ చేయాలి. మధ్యాహ్నం మాత్రమే కరెక్టెడ్ ఎర్రర్లు పెరగడానికి ఇదొక్కటి చాలు. సెన్సర్ల పట్టికలో ఇన్‌లెట్ (లోపలికి వచ్చే గాలి వేడి) ఎక్కువుంటే తప్పు గదిది. ఇన్‌లెట్ మామూలుగా ఉండి ప్రాసెసర్ మాత్రం కాలిపోతుంటే దుమ్ము లేదా థర్మల్ పేస్ట్. ర్యామ్ ఒకవైపే వేడెక్కుతుంటే గాలిని మళ్లించే ప్లాస్టిక్ మూత పెట్టడం మర్చిపోయి ఉంటారు. మిల్లు దుమ్ములో తౌడు ఉంటుంది, తౌడులో నూనె ఉంటుంది. అది హీట్‌సింక్ రేకుల మధ్య అట్టకడుతుంది, ఉత్త బ్లోయర్‌కి ఊడదు. హీట్‌సింక్ విప్పి, కుంచెతో ఆల్కహాల్ పెట్టి తుడిచి, కొత్త పేస్ట్ రాసి బిగించాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది.

స్విచ్ విషయానికొస్తే, సిస్కో కెటలిస్ట్ అయితే పోస్ట్ నడుస్తున్నప్పుడు సిస్టమ్ లైటు ఆకుపచ్చగా మిణుకుతుంది. ఆరెంజ్‌లో ఆగిపోతే సాధారణంగా పోస్ట్‌లో ఏదో ఫెయిలైనట్టు. కన్సోల్‌లో "షో పోస్ట్", దాన్ని అనుమతించే మోడల్ అయితే "షో డయాగ్నస్టిక్ రిజల్ట్" కొట్టండి. చుక్క అంటే పాస్, ఎఫ్ అంటే ఫెయిల్, యూ అంటే అసలు పరీక్షే చేయలేదు. యూ చూసి పాసైందనుకోవద్దు. ఒక్క పోర్టు లూప్‌బ్యాక్ పరీక్షే ఫెయిలైతే ఆ పోర్టుకి టేపు అంటించి మిగతావి వాడుకోవచ్చు. మెమరీ లేదా స్విచింగ్ చిప్ పరీక్ష ఫెయిలైతే స్విచ్‌నే మార్చాలి.

సర్వర్ వైపు నుంచి నెట్‌వర్క్ కార్డుని "ఈథ్‌టూల్" టెస్ట్ ఆప్షన్‌తో పరీక్షించొచ్చు. ఆఫ్‌లైన్ అని ఇస్తే ఆ కాసేపు లింక్ పోతుంది, కాబట్టి లారీలు కాంటా మీద ఉన్నప్పుడు చేయకండి. దాని లెక్కల్లో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడి వచ్చిన ప్యాకెట్లు) పెరుగుతుంటే కేబుల్, కనెక్టర్ లేదా ఆప్టిక్. వేబ్రిడ్జి దాకా ఫైబర్ వేసి ఉంటే ఎస్ఎఫ్‌పీ (ఫైబర్ గుచ్చే మాడ్యూల్) లోపలికి వచ్చే కాంతి ఎంతుందో అదే ఈథ్‌టూల్ మాడ్యూల్ ఆప్షన్‌తో, లేదా స్విచ్ కన్సోల్‌లో చూడొచ్చు. 1 గిగాబిట్ ఎల్ఎక్స్ మాడ్యూల్‌కి మైనస్ 19 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే యూనిట్), 10 గిగాబిట్ ఎల్ఆర్‌కి మైనస్ 14.4 డీబీఎం చుట్టూ ఉంటుంది అడుగు హద్దు. దానికి రెండు మూడు డీబీ దగ్గరికి వచ్చిందంటే ముందు కనెక్టర్ల కొనలు ఫైబర్ క్లీనర్‌తో తుడిచి మళ్లీ కొలవండి. రీడింగ్ మారకపోతే కేబుల్ ఎక్కడో గట్టిగా వంగి ఉంటుంది, మలుపుల దగ్గర చూడండి.